దొడ్డి వైపు సగం నీడలో కనకాంబరం పెంచడం ఎలా?

మా ఇల్లు శ్రీకాకుళంలో. దొడ్డి వైపు దక్షిణాన పక్కవాళ్ళ మేడ, పడమర మా పనస చెట్టు, తూర్పు మాత్రం ఖాళీ. పొద్దున్న కాసేపు ఎండ వచ్చి పోతుంది, నడివేసవిలో తప్ప ఆపైన రోజంతా నీడే. అక్కడ మల్లె వేస్తే ఆకులు విరగబడి పెరిగాయి కానీ మొగ్గ కనబడలేదు. గులాబీ ఎండ కోసం మెడ సాచి సాచి పుల్లలా తయారైంది. ఆ తర్వాత కొన్నేళ్ళు అది గిన్నెలు తోముకునే చోటుగా, విరిగిన కుర్చీలు పడేసే చోటుగా మిగిలిపోయింది. ఇప్పుడు అక్కడ ఇరవై రెండు కనకాంబరం మొక్కలున్నాయి. రోజు విడిచి రోజు పూలు కోస్తాం. జోరు వానల్లో తప్ప ఏడాది పొడవునా ఏదో ఒక కంకి విచ్చుకునే ఉంటుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి చోటు ఉంటే దాన్ని సిమెంటు చేయించే ముందు ఇది చదవండి. కనకాంబరం మన దక్షిణాది మొక్కే, శ్రీలంకలోనూ సహజంగా పెరుగుతుంది. శాస్త్రీయనామం క్రాసాండ్రా ఇన్‌ఫండిబులిఫార్మిస్. అడ్డసరం, నేలవేము, డిసెంబరాలు, పిల్లలు నీటిలో వేసి పేల్చే చిటపటకాయలు, ఇవన్నీ ఒకే కుటుంబం. ఒకసారి నిలదొక్కుకుంటే రెండు మూడేళ్ళు విసుగు లేకుండా పూస్తుంది. కొమ్మ విరిచినా, మేక ఒకసారి నోరు పెట్టినా మళ్ళీ చిగురేస్తుంది. అందుకే అందరూ దీన్ని మొండి మొక్క అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. పైభాగం మొండిది, వేరు మాత్రం మహా సుకుమారం. నేను చంపుకున్న మొక్కలన్నీ వేరు దగ్గరే చచ్చాయి. కాబట్టి ఇందులో ఎక్కువ మాటలు మట్టి గురించే ఉంటాయి.

ముందు నీడను కొలవండి

సగం నీడ అనే మాట అందరూ వాడతారు, కొలిచేవాళ్ళు తక్కువ. కనకాంబరానికి కావలసింది పొద్దున్న మూడు నాలుగు గంటల ఎండ, లేదా కొబ్బరి ఆకుల సందుల్లోంచి రోజంతా జల్లెడ పట్టినట్టు పడే వెలుతురు. రెండు గంటల ఎండ కూడా పడని చోట మొక్క బతుకుతుంది, ఆకులు నిగనిగలాడతాయి, పూలు మాత్రం మొక్కుబడిగా వస్తాయి. రోజంతా ఎండ పడే చోట కూడా నీళ్ళు పోస్తే పూస్తుంది. కాకపోతే ఏప్రిల్, మే నెలల్లో ఆకుల అంచులు మాడి, పువ్వు రంగు వెలిసిపోతుంది.

కొలవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఒక సెలవు రోజు చూసుకోండి. పొద్దున్న ఎనిమిదికి నీడ అంచు ఎక్కడుందో నేల మీద బియ్యప్పిండితో గీత గీయండి. పదింటికి ఒకటి, పన్నెండింటికి ఒకటి, రెండింటికి, నాలుగింటికి ఇంకో రెండు. ప్రతి గీత దగ్గరా ఒక చీపురుపుల్ల గుచ్చండి. ఎందుకంటే నాలుగింటి గీత గీసేసరికి ఎనిమిదింటి గీతను చీమలు మోసుకుపోయి ఉంటాయి. సాయంత్రానికి ఏ చోట ఎన్ని గంటలు ఎండ పడిందో పుల్లలే చెబుతాయి.

ఇక్కడే నేను మొదటిసారి దెబ్బతిన్నాను. నేను కొలిచింది డిసెంబరులో. అప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా మేడ నీడ దొడ్డంతా పరుచుకుని ఉంది. చల్లని చోటు దొరికిందని మురిసిపోయి పది మొక్కలు నాటాను. మే వచ్చేసరికి అదే చోట నడినెత్తి ఎండ. ఏడు మొక్కలు మాడిపోయాయి.

కారణం తర్వాత అర్థమైంది. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను ఏడాది పొడవునా తాకవు కదా, మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరులో కొన్ని రోజులు మాత్రమే తాకుతాయి. సూర్యుడు నడిచే దారి జరుగుతూ ఉంటుంది కనుకే అది విశేషం. మన పెరట్లోనూ జరిగేది అదే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర్లో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు. అప్పుడు 10 అడుగుల గోడ నీడ ఉత్తరానికి దాదాపు 9 అడుగులు పడుతుంది. మే రెండో వారం నుంచి జులై నెలాఖరు దాకా సూర్యుడు మన నడినెత్తి దాటి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ రోజుల్లో గోడకు ఉత్తరం పక్కన మధ్యాహ్నం నీడే ఉండదు. కాబట్టి డిసెంబరులో ఒకసారి, మేలో ఒకసారి కొలవండి. అంత ఓపిక లేకపోతే మేలో కొలిచిందే నమ్మండి.

దిక్కుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంటికి తూర్పు వైపు అన్నిటికన్నా మంచిది. పడమటి గోడ పక్కన వద్దు, సాయంత్రం దాకా కాగిన గోడ రాత్రి కూడా వేడి కక్కుతుంది. కొబ్బరి చెట్టు కింద చక్కగా వస్తుంది, కానీ మొదలుకు ఆనించి నాటకూడదు. కొబ్బరి వేళ్ళు ఎక్కువగా మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపే అల్లుకుని ఉంటాయి, మీరు పోసిన నీళ్ళన్నీ అవే తాగేస్తాయి. మొదలు నుంచి ఆరేడు అడుగులు దూరం జరగండి. మామిడి, పనస కింద నీడ మరీ చిక్కన. చెట్టు అంచు దాకా వచ్చి అక్కడ నాటండి. లేదా కింది కొమ్మలు రెండు తీయించి వెలుతురు రానివ్వండి.

ఏ రకం తెచ్చుకోవాలి

మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించేది నారింజ రంగు నాటు రకం. పసుపు, ఎరుపు కూడా ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా అంబర, అర్కా కనక, అర్కా శ్రావ్య వంటి రకాలు దొరికితే తప్పక తీసుకోండి. ఇవి కాక ఢిల్లీ కనకాంబరం అని ఒకటుంది. పువ్వు వెడల్పుగా, రంగు ముదురుగా ఉంటుంది, బజారులో దానికే గిరాకీ. అయితే అది విత్తనం కట్టదు. మామూలు మొక్కల్లో క్రోమోజోములు రెండేసి చొప్పున జతలుగా ఉంటే దీనిలో మూడేసి ఉంటాయి, అందువల్ల గింజ ఏర్పడదు. కొమ్మ నాటితేనే కొత్త మొక్క. ఎవరైనా ఢిల్లీ కనకాంబరం విత్తనాలని పొట్లం కట్టి అమ్మితే నవ్వి ఊరుకోండి.

నా సలహా అడిగితే, మొదటిసారి వేసేవాళ్ళు నాటు నారింజతోనే మొదలుపెట్టాలి. పువ్వు కాస్త చిన్నదైనా, మీరు చేసే తప్పులను అది ఎక్కువ ఓర్చుకుంటుంది.

నర్సరీలో మొక్క కొనేటప్పుడు అందరూ పూలు చూస్తారు. మీరు వేరు చూడండి. పూసిన మొక్కకంటే పూయని, ఆరేడు అంగుళాల ఎత్తున్న, ఆకులు దట్టంగా ఉన్న మొక్క మేలు. సంచిని పక్కకు వంచి, కింద రంధ్రంలోంచి వచ్చిన వేరు కొసను కాస్త లాగి చూడండి. వేరు తెల్లగా, సాఫీగా ఉండాలి. దాని మీద మెంతి గింజలు అతికించినట్టు బుడిపెలు కనిపిస్తే ఆ మొక్కను ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. వాటి లోపల నులిపురుగులు ఉంటాయి. ఒకసారి నేను చూడకుండా తెచ్చిన నాలుగు మొక్కలు మడి మొత్తానికి ఆ పీడ అంటించాయి. దాన్ని వదిలించుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

మట్టి

ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర గరప నేల కనకాంబరానికి పుట్టినిల్లు. మా అమ్మ పుట్టింటి వైపు, ఉద్దానంలో, కొబ్బరి తోటల కింద నేల అలాగే ఉంటుంది. ఎంత వాన కురిసినా గంటలో పీల్చేస్తుంది. నాగావళి, వంశధార దగ్గరి పల్లపు ఊళ్ళలో బంకమట్టి ఉంటుంది. ఇళ్ళు కట్టిన చోట్ల అయితే అడుగు లోతున ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు, సున్నం. ఇవి రెండూ కనకాంబరానికి గిట్టవు.

మీ మట్టి ఎలాంటిదో ఇలా చూడండి. అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి నిండా నీళ్ళు పోయండి. ఇంకిపోయాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీళ్ళు రెండు మూడు గంటల్లో ఇంకితే చింత లేదు. మర్నాటి దాకా నిలిస్తే నేల మీద నాటడం మానుకుని, అర అడుగు నుంచి ముప్పావు అడుగు ఎత్తున మడి కట్టండి. అంచుకు ఇటుకలు పేర్చవచ్చు, తాటి దుంగ అడ్డం పెట్టవచ్చు, కొబ్బరి డొక్కలు వరుసగా పాతినా సరిపోతుంది. మన వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అందులో అక్టోబరు వాయుగుండాలు రెండు రోజుల్లో కుమ్మరించి పోయేదే ఎక్కువ బాధ పెడుతుంది. ఒక పూట నీళ్ళు నిలిస్తే మొక్క ఓర్చుకుంటుంది, రెండు రోజులు నిలిస్తే వేరు కుళ్ళడం మొదలవుతుంది.

మడిలో నింపే మట్టికి నా లెక్క ఇది: రెండు గంపల ఎర్రమట్టి, ఒక గంప బాగా చివికిన పశువుల గెత్తం, ఒక గంప ఏటి ఇసుక. గెత్తం చివికిందో లేదో చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. వాసన లేకుండా, పొడిపొడిగా, వేడి లేకుండా ఉండాలి. పచ్చి పేడ వేస్తే చెదలు వస్తాయి, వేరు మాడుతుంది. ఒక్కో గుంతకు రెండు గుప్పెళ్ళ వేపపిండి కలపండి. కలిపిన మట్టిని తడిపి రెండు వారాలు వదిలేయండి. ఈ రెండు వారాలు ఎవరూ ఆగరు. మొదట్లో నేనూ ఆగలేదు. వేపపిండి మట్టిలో కుళ్ళేటప్పుడు వేడి పుడుతుంది, లేత వేరు దాన్ని తట్టుకోలేదు.

బొగ్గుల పొయ్యి బూడిద కనకాంబరానికి వేయకండి. బూడిదలో క్షారం ఎక్కువ, ఈ మొక్కకు కాస్త పుల్లటి నేల కావాలి. ఇలాంటిదే ఇంకో సంగతి ఉంది, చాలామంది గమనించరు. సంక్రాంతికి ముందు గోడలకు సున్నం వేయిస్తాం. ఆ చుక్కలు, డబ్బా కడిగిన నీళ్ళు గోడ వారనే పడతాయి. ఫిబ్రవరికల్లా అక్కడి మొక్కల కొత్త ఆకులు పసుపుపచ్చగా మారతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. తెగులని భయపడి మందులు కొడతారు. నిజానికి అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా, సున్నం వల్ల మొక్క దాన్ని తీసుకోలేకపోతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపి, నాలుగైదు చుక్కల నిమ్మరసం పిండి, సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. పది రోజుల తేడాతో రెండుసార్లు చేస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది. బోరు నీళ్ళు ఉప్పగా, చవుడుగా ఉండే ఇళ్ళలో ఇది తరచూ వస్తుంది. అలాంటివాళ్ళు వాన నీళ్ళు రెండు డ్రమ్ములు పట్టి ఉంచుకోండి. సున్నం వేసే రోజు మడి మీద పాత గోనె సంచులు పరిస్తే ఈ గొడవే ఉండదు.

నాటడం

రోహిణి కార్తె ఎండల్లో నాటొద్దు. మృగశిర పుట్టి, రెండు మూడు మంచి వానలు పడి, నేలలోని సెగ దిగాక నాటండి. జూన్ మూడో వారం నుంచి ఆగస్టు దాకా అదనే. అది తప్పిపోతే తుపాన్ల భయం తగ్గాక, నవంబరు చివర్లో నాటవచ్చు.

మొక్కకూ మొక్కకూ అడుగు, వరుసకూ వరుసకూ రెండడుగులు వదలండి. నీడ ఎక్కువున్న చోట ఇంకో అర అడుగు పెంచండి. గాలి ఆడకపోతే ఆకుల మీద మచ్చలు వస్తాయి. సాయంత్రం నాలుగు దాటాక పని మొదలుపెట్టండి. ముందుగా సంచిలోని మొక్కను నీళ్ళతో తడపండి. సంచిని లాగకుండా బ్లేడుతో కోసి తీయండి. వేళ్ళ చుట్టూ గట్టి బంకమట్టి ముద్ద ఉంటే దాన్ని అలాగే పాతిపెట్టకండి. బకెట్ నీళ్ళలో పావుగంట ఉంచి, వేళ్ళు తెగకుండా సగం మట్టి వదిలించండి. లేకపోతే ఆ ముద్దలోంచి వేరు బయటికి రాదు, ఆరు నెలలు గడిచినా మొక్క నర్సరీలో ఉన్న ఎత్తులోనే ఉంటుంది.

సంచిలో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటండి. కాండం మీదికి మట్టి ఎగదోయకండి. చుట్టూ వేళ్ళతో మెత్తగా అదమండి, కాలితో తొక్కొద్దు. పాదు చేసి, ఒక చెంబు నీళ్ళు నెమ్మదిగా పోయండి. మొదటి వారం మధ్యాహ్నం ఎండ తగులుతుందనుకుంటే కొబ్బరి మట్టను వాలుగా గుచ్చితే చాలు.

నాటిన నెలకు, మొక్క జానెడు ఎత్తు రాగానే, కొస చిగురు గిల్లేయండి. ఇది చేయడానికి మనసు ఒప్పదు, అప్పుడే మొదటి కంకి తొంగిచూస్తూ ఉంటుంది. గిల్లితే పక్క నుంచి నాలుగు కొమ్మలు వస్తాయి. గిల్లకపోతే ఒకటే కర్ర, దాని కొసన ఒకటే కంకి. నాటిన రెండు మూడు నెలలకు పూత మొదలవుతుంది.

నీళ్ళు

కనకాంబరానికి ఇన్ని రోజులకు ఒకసారి అని లెక్క చెప్పలేను. చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు. మా దొడ్డిలో వానాకాలం దాదాపు పోయం. చలికాలం వారానికి రెండుసార్లు, మార్చి నుంచి రోజు విడిచి రోజు, మే నెలలో రోజూ పొద్దున్నే. నీడలో ఉన్న మట్టి ఎండలో ఉన్నంత త్వరగా ఆరదు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మధ్యాహ్నం ఆకులు వాలాయని పరుగున వెళ్ళి నీళ్ళు పోయకండి. సాయంత్రానికి ఆకు నిలబడితే అది వేడికి వాలినట్టు. సాయంత్రమూ వాలే ఉండి, వేలికి తడి తగిలితే వేరు కుళ్ళుతున్నట్టు. అప్పుడు నీళ్ళు పోస్తే చంపినట్టే.

పాదులో పోయండి, ఆకుల మీద చల్లొద్దు. బియ్యం కడిగిన నీళ్ళు పోయవచ్చు, బట్టలు ఉతికిన సబ్బు నీళ్ళు వద్దు. ఎండాకాలం పాదు మీద ఎండుటాకులు గాని వరిగడ్డి గాని మూడు వేళ్ళ మందాన పరవండి. కాండం చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి. వానలు మొదలవగానే ఆ కప్పు తీసేయాలి, లేకపోతే దాని కింద నత్తలు కాపురం పెడతాయి. రాత్రి ఎనిమిది దాటాక టార్చి లైటు పట్టుకుని నత్తలను ఏరితే వారంలో బెడద తగ్గుతుంది. వాటి మీద ఉప్పు చల్లే అలవాటు ఉంది. మడిలో మాత్రం ఆ పని చేయకండి, ఉప్పు వేరుకు పోతుంది. బకెట్లో ఉప్పు నీళ్ళు పెట్టుకుని అందులో వేయండి.

ఎరువు పెద్ద విషయం కాదు. నెలకొకసారి మొక్కకు గుప్పెడు వానపాముల ఎరువు, మూడు నెలలకొకసారి గుప్పెడు వేపపిండి. యూరియా వేస్తే ఆకులు పెరుగుతాయి, పేనుబంక పెరుగుతుంది, పూలు పెరగవు.

వేరు దగ్గరి శత్రువులు

మొక్క కురచబారి, ఆకులు చిన్నవై, కంకులు పొట్టిగా వస్తూ, నీళ్ళు పోసినా వడలుతుంటే ఒక మొక్కను పీకి చూడండి. వేరు మీద బుడిపెలు గాని, నల్లగా పుండ్లు పడిన మచ్చలు గాని ఉంటే నులిపురుగులే. కనకాంబరం సాగులో రైతులకు పెద్ద తలనొప్పి ఇదే. పురుగు కొరికిన గాయంలోంచి ఎండుతెగులు శిలీంధ్రం కూడా దూరుతుంది. అప్పుడు మొక్క పది రోజుల్లో నిలువునా ఎండిపోతుంది. ఆ దశలో చేయగలిగిందేమీ లేదు. మొక్కను వేళ్ళతో సహా తీసి కాల్చేయండి. గెత్తం కుప్పలో వేశారంటే వచ్చే ఏడాది మీ చేతులతో మీరే మడి అంతా చల్లుకుంటారు.

నేలను శుద్ధి చేయడానికి ఎండాకాలం మడి తడిపి, పలుచని, వెలుతురు దూరే పారదర్శక పాలిథీన్ కప్పి, నాలుగైదు వారాలు ఎండకు ఉడకబెట్టే పద్ధతి ఉంది. పొలంలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మనది సగం నీడ కదా, ఇక్కడ సగమే పనిచేస్తుంది. అందుకని నేను తిరగేసి చేస్తాను. రోహిణి కార్తెలో గుంతల మట్టిని తవ్వి డాబా మీదికి చేర్చి, బెత్తెడు మందాన పరిచి, తడిపి, పైన పాలిథీన్ కప్పి, అంచులకు ఇటుకలు పెడతాను. మూడు వారాల తర్వాత దించి, వేపపిండి, ట్రైకోడెర్మా విరిడి కలిపిన గెత్తంతో మళ్ళీ గుంతలు నింపుతాను. ట్రైకోడెర్మా జీవశిలీంధ్రం పొడి ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది. పొట్లం మీద తయారీ తేదీ చూసి కొనండి, పాతబడితే అందులో జీవం ఉండదు. మట్టి మోయడం నడుముకు పరీక్షే. మా ఇంట్లో ఆ పనిని నాతో పాటు ఒప్పుకున్నవాళ్ళు ఇప్పటిదాకా ఎవరూ లేరు.

మడికి ఎండ తగిలే అంచున బంతి నాటండి. బంతి వేళ్ళు వదిలే రసాయనం నులిపురుగులకు పడదు. సంక్రాంతికి గుమ్మాలకు దండలు వస్తాయి, అదొక లాభం. పూత అయిపోయాక బంతి మొక్కలను ముక్కలు చేసి అక్కడే మట్టిలో కలపండి.

ఆకుల మీద వచ్చేవి అంత ప్రమాదం కాదు. పేనుబంక లేత కంకికి పడుతుంది, పిండినల్లి కణుపుల్లో తెల్లగా దూదిలా కూర్చుంటుంది. కుంకుడు కాయలు నానబెట్టి పిసికిన రసాన్ని పలుచగా చేసి, లీటరుకు చెంచా వేపనూనె కలిపి, సాయంత్రం ఆకుల అడుగున తగిలేలా కొట్టండి. వారం ఆగి మళ్ళీ ఒకసారి. చీమల బారు కనిపిస్తే అది ఎక్కడికి పోతోందో చూడండి, పిండినల్లి ఇల్లు చూపించేది అదే.

కోత

కంకిలో పూలు కింది నుంచి పైకి వరుసగా విచ్చుకుంటాయి. ఒక్కో కంకి రెండు మూడు వారాలు పూస్తుంది. మొగ్గ పూర్తిగా విచ్చుకోవడానికి రెండు రోజులు పడుతుంది, అందుకే రోజు విడిచి రోజు కోస్తాం. ఎండ ఎక్కకముందే కోయండి. పువ్వును రేకుల దగ్గర పట్టుకుంటే నలుగుతుంది, కింద గొట్టంలాంటి చోట పట్టి మెల్లగా లాగితే జారి వచ్చేస్తుంది. వాసన లేని పువ్వు కాబట్టి ఒంటిగా కట్టకుండా మధ్య మధ్య మరువం గాని దవనం గాని పెట్టి అరటి నారతో కడతారు. మడి పక్కనే ఒక కుండీలో మరువం ఉంచుకోండి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరం పూల బజారులో మూర ధర విన్నవాళ్ళకు ఈ మడి విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

పూత అయిపోయిన కంకిని మొదలంటా కత్తిరించేయండి. ఉంచితే మొక్క తన బలమంతా గింజకు పెడుతుంది. ఏడాదికొకసారి, జూన్‌లో మొదటి వానల తర్వాత, మొక్కను మూడో వంతు కత్తిరించండి. నెల రోజులు పూలు ఉండవు, ఆ తర్వాత శ్రావణానికి మడి నిండిపోతుంది.

గింజ, కొమ్మ

నాటు రకానికి గింజలు కావాలంటే నాలుగైదు కంకులు కోయకుండా ఎండనివ్వండి. వాటిని తడి తగలని చోట ఉంచాలి. ఎందుకంటే ఎండిన కాయ మీద నీటి చుక్క పడితే టప్పున పేలి, లోపలి నాలుగు గింజలను దూరంగా విసురుతుంది. ఇంగ్లీషులో దీనికి టపాకాయ పువ్వు అనే అర్థం వచ్చే పేరు ఊరికే రాలేదు. పొడి కంకిని కాగితం సంచిలో పెట్టి, నాలుగు చుక్కలు చల్లి, మూతి మూసి చెవి దగ్గర పెట్టుకోండి. పిల్లలుంటే ఈ పని వాళ్ళకు అప్పగించండి. గింజలను ఆరబెట్టి, తాజాగా ఉన్నప్పుడే ఇసుక కలిపిన నారుమడిలో పైపైన చల్లి, పలుచగా ఇసుక కప్పండి. మొలక రెండు మూడు వారాలకు వస్తుంది, అన్నీ ఒకేసారి రావు. రెండు నెలల నారు నాటడానికి సిద్ధం.

ఢిల్లీ రకానికైతే కొమ్మే దారి. జులై, ఆగస్టుల్లో కంకి లేని, మరీ లేతగానూ మరీ ముదురుగానూ లేని కొమ్మను జానెడు పొడవున, కణుపు కిందుగా ఏటవాలుగా కోయండి. కింది ఆకులు తీసి, పైన రెండు జతలు ఉంచండి. కడిగిన ఏటి ఇసుకలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి, అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసా బోర్లించండి. లోపల చెమ్మ నిలుస్తుంది. నీడలో పెట్టి, మూడు నాలుగు వారాల దాకా లాగి చూడకండి. పది గుచ్చితే ఆరేడు అందుకుంటే సంతోషించండి.

తుపాను వచ్చి పోయాక

ఇది మన జిల్లాల్లో పెంచేవాళ్ళకు తప్పని అధ్యాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఎలా ఒరిగిపోయాయో చూసినవాళ్ళు మరిచిపోరు. మా దొడ్డిలో పనస చెట్టుకు పెద్ద కొమ్మలు రెండు విరిగాయి. కనకాంబరాలు వంగి లేచాయి గాని, రెండో రోజు వాన వెలిసి ఎండ కాయగానే వాటికి అసలు దెబ్బ తగిలింది. నీడలో పెరిగిన ఆకు ఒక్కసారిగా సాయంత్రపు ఎండ చూసి తెల్లగా మాడింది.

తుపాను హెచ్చరిక వినగానే మడి చుట్టూ నీళ్ళు బయటికి పోయేలా కాలువ తీయండి, ఎత్తైన మొక్కలను సగానికి కత్తిరించండి. వెలిశాక ముందు చేయవలసింది నిలిచిన నీళ్ళు తోడేయడం. తర్వాత నీడ పోయిందేమో చూడండి. పోతే నాలుగు వెదురు కర్రలు పాతి, పాత నూలు చీర పైకప్పులా కట్టండి. అమ్మ పాత చీర ఒకటి మా మడి మీద ఆ ఏడు సంక్రాంతి దాకా ఉంది. పనసకు కొత్త కొమ్మలు వచ్చి నీడ తిరిగి చిక్కబడేవరకు పడమటి వైపు ఆముదం మొక్కలు వేశాను, అవి మూడు నెలల్లో ఆరడుగులు లేచాయి.

మూడో ఏడు దాటాక కనకాంబరం మొదలు మొద్దుబారి, కంకులు పొట్టివవుతాయి. దాన్ని బుజ్జగించకండి. వానాకాలంలో దాని కొమ్మలే గుచ్చి, వేరు పట్టాక పాత గుంతకు రెండడుగుల అవతల కొత్త చోట నాటండి. పాత గుంతలో ఆ ఏడాదికి బంతి వేయండి.